విభూది బుధవారానికి ముందు: తపస్సు కాలపు వాకిట విచారణ సంఘం

ఉపోద్ఘాతం

తపస్సు కాలం దగ్గర పడుతున్నదనగా మన విచారణల్లో ఒక ప్రకటన వినబడుతుంది. పోయిన ఏటి మ్రానికొమ్మల ఆదివారం (మట్టల ఆదివారం) నాడు ఆశీర్వదించిన మట్టలను ఇండ్లనుండి తెచ్చి గుడిలో అప్పగించమని గురువులో ఉపదేశిగారో చెప్తారు. తిరుహృదయ పటం వెనుకా, వాకిలి పైనా ఏడాది పొడుగునా ఎండిన ఆ మట్టలను జనం తెచ్చి ఇస్తారు. వాటిని కాల్చి, బూడిదను జల్లెడ పట్టి, విభూది బుధవారానికి సిద్ధం చేస్తారు. చాలా చోట్ల ఆ రోజుకు ముందు మనం చేసే సిద్ధపాటు ఇంతే. మంగళవారం రాత్రి వరకు బ్రతుకు ఎప్పటిలాగే సాగుతుంది. బుధవారం ఉదయం నుదుట బూడిద పడుతుంది.

శ్రీసభ మొదటినుండి ఇలాగే తపస్సు కాలంలోకి అడుగు పెట్టేదా? ఆ కాలానికి ముందు ప్రజలు చేయవలసిన పని ఏదైనా ఉండేదా? ఉంటే అది ఏమైంది? ఈ ప్రశ్నలను చరిత్ర వెలుగులో పరిశీలించాలని మా ఉద్దేశం. తపస్సు కాలపు నలభై రోజుల గూర్చి మన భాషలో ప్రసంగాలూ ధ్యానాలూ చాలా ఉన్నాయి. ఆ కాలపు వాకిలిని గూర్చి మాత్రం మనం తక్కువగా ఆలోచించాం. మేము గమనించినంతవరకు, ఈ వాకిటివద్ద శ్రీసభ పదేపదే కోరిన పని ఒక్కటే: సంఘంలోని తగవులు తీర్చుకొని, దూరమైనవారిని దగ్గరకు తెచ్చుకొని, అందరూ కలిసి లోపలికి ప్రవేశించడం.

1. నైసియా మహాసభ చెప్పిన మాట

తొలి శతాబ్దాల్లో పాస్క పండుగకు ముందు చేసే ఉపవాసం చిన్నది. అది అన్ని చోట్లా ఒకే తీరుగానూ లేదు. రెండవ శతాబ్దం చివర పునీత ఇరెనేయువు పోపు విక్టరుకు జాబు వ్రాస్తూ, కొందరు ఒక రోజు, కొందరు రెండు రోజులు, కొందరు ఇంకా ఎక్కువ రోజులు ఉపవాసం చేస్తారనీ, కొందరు నలభై గంటలను లెక్కిస్తారనీ తెలిపాడు. ఈ జాబును చరిత్రకారుడు యూసేబియసు భద్రపరచాడు. ఇన్ని భేదాలున్నా వారంతా ఒకరితో ఒకరు సమాధానంగా ఉన్నారని చెప్పడమే ఇరెనేయువు ఉద్దేశం.

నలభై రోజుల కాలం పేరు మొదటగా స్పష్టంగా కనిపించేది క్రీ.శ. 325లో జరిగిన నైసియా మహాసభ ఐదవ నిబంధనలో అని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ నిబంధన ఉపవాసాన్ని గూర్చినది కాదన్న విషయం గమనించదగ్గది. అది వెలివేతను గూర్చినది. ఒక మేత్రాణులు ఎవరినైనా సంఘంనుండి వెలివేస్తే, అది న్యాయంగా జరిగిందా, లేక చిన్న మనసుతోనో పంతంతోనో జరిగిందా అని విచారించడానికి ప్రతి ప్రాంతంలో ఏటా రెండుసార్లు మేత్రాణుల సభ జరగాలని అది ఆదేశించింది. వాటిలో మొదటి సభ నలభై రోజుల కాలానికి ముందు జరగాలి. మనసుల్లోని చిన్నతనమంతా తొలగిపోయి దేవునికి నిర్మలమైన కానుక సమర్పించబడడం కోసమని అందుకు కారణం కూడ చెప్పింది.

2025లో ఆ మహాసభకు 1700 ఏండ్లు నిండాయి. విశ్వాస సంగ్రహాన్ని బట్టి మనం దాన్ని స్మరించుకొన్నాం. ఈ ఐదవ నిబంధన కూడ మనకు పనికివచ్చేదే. తపస్సు కాలాన్ని ప్రస్తావించిన తొలి సభాశాసనం ఏమి తినాలో, ఏమి మానాలో చెప్పలేదు. అన్యాయంగా బయట నిలిచినవాడు ఎవడైనా ఉన్నాడేమో ముందు చూడమన్నది.

2. బుధవారం ఎలా వచ్చింది?

నాలుగవ శతాబ్దంలో నలభై రోజుల ఆచారం త్వరగా వ్యాపించింది. అలెగ్జాండ్రియా మేత్రాణులు పునీత అతనాసియుసు తన పండుగ జాబుల్లో తన ప్రజలను ఈ ఉపవాసానికి ప్రోత్సహించాడు. రోములో ఐదవ శతాబ్దపు పోపు పునీత మహా లియో ప్రసంగాలు ఈ కాలపు స్వరూపాన్ని తెలుపుతాయి. ఉపవాసంతోపాటు పేదలకు దానం చేయడాన్నీ, పగలు మరచి క్షమించడాన్నీ ఆయన విడదీయకుండా బోధించాడు.

అప్పటికి రోములో తపస్సు కాలం బుధవారం మొదలయ్యేది కాదు, ఆదివారం మొదలయ్యేది. పాస్కకు ముందు ఆరు వారాలు లెక్కించేవారు. ఆదివారం ఉత్థాన దినం గనుక ఆనాడు ఉపవాసం లేదు. వారానికి ఆరు రోజుల చొప్పున ఆరు వారాలకు ముప్పది ఆరు ఉపవాస దినాలు వస్తాయి. సంవత్సరంలోని దినాల్లో ఇది దాదాపు పదవ వంతు గనుక, దేవునికి చెల్లించే దశమ భాగంగా పునీత మహా గ్రెగోరి దీన్ని వివరించాడు. ప్రభువు ఎడారిలో ఉపవసించిన నలభై దినాలకు సరిపోవాలన్న కోరికతో తర్వాత ఇంకో నాలుగు రోజులను ముందుకు చేర్చారు. అలా బుధవారం ఉపవాసానికి తలుపు అయింది.

3. కొందరి బూడిద అందరి బూడిద అయిన తీరు

ఆ బుధవారానికి మరో చరిత్ర కూడ ఉంది. విగ్రహారాధన, హత్య, వ్యభిచారం వంటి ఘోర పాపాల్లో పడినవారు పూర్వం బహిరంగంగా ప్రాయశ్చిత్తం చేసేవారు. వారిని ఒక వర్గంగా వేరు చేసి, గోనెగుడ్డ కట్టి, దివ్యసత్ప్రసాదానికి దూరంగా ఉంచేవారు. ఎనిమిదవ శతాబ్దపు ప్రతిలో మనకు లభిస్తున్న గెలాసియుసు పూజాగ్రంథంలో, తపస్సు ఆరంభపు బుధవారం నాడు ప్రాయశ్చిత్తులను స్వీకరించే ప్రార్థనలున్నాయి. వారిని పవిత్ర గురువారం నాడు తిరిగి సంఘంలో చేర్చుకొనేవారు. 906 ప్రాంతంలో ప్రూము మఠాధిపతి రెజినో కూర్చిన నియమాల సంపుటిలో, ప్రాయశ్చిత్తులు వట్టి కాళ్ళతో, గోనెపట్టలతో గుడి వాకిట మేత్రాణుల ముందు నిలబడే దృశ్యం కనిపిస్తుంది. వారి తలలపై బూడిద చల్లి గుడి వెలుపలికి పంపేవారు. ఆదాము ఏదెను తోటనుండి వెళ్ళగొట్టబడిన సంఘటన అందరికీ గుర్తుకు వచ్చేది.

అయితే వారు ఒంటరిగా వెళ్ళలేదు. సంఘమంతా కన్నీటితో వారికోసం ప్రార్థించేది. ఆ నలభై రోజులూ వారి భారం అందరిదీ. కాలక్రమేణ ఈ బహిరంగ ప్రాయశ్చిత్తం సన్నగిల్లింది, గురువు చెవిలో రహస్యంగా చేసే పాపసంకీర్తనం దాని స్థానంలోకి వచ్చింది. ప్రాయశ్చిత్తుల వర్గం తగ్గిపోయింది గాని బూడిద పోలేదు. అది మిగిలినవారి తలలమీదికి వచ్చింది. 1000వ సంవత్సరం ప్రాంతంలో ఇంగ్లండులోని మఠవాసి ఎల్ఫ్రిక్ తన ప్రసంగంలో, తపస్సు ఆరంభంలో విశ్వాసులందరూ తలలమీద బూడిద వేసుకొంటారని చెప్తున్నాడు. 1091లో పోపు రెండవ ఉర్బాను ఆధ్వర్యంలో బెనెవెంతోలో జరిగిన సభ, గురువులూ గృహస్థులూ, పురుషులూ స్త్రీలూ అందరూ ఆ రోజున బూడిద స్వీకరించాలని నిర్ణయించింది. ముందటి ఏటి మట్టలను కాల్చి ఆ బూడిద చేయడం పన్నెండవ శతాబ్దంనుండి తెలుస్తున్నది.

ఈ మార్పు అర్థాన్ని మనం నిదానంగా ఆలోచించాలి. ఒకప్పుడు బూడిద పాపిని సంఘంనుండి వేరు చేసి చూపే గుర్తు. అందరూ దాన్ని పెట్టుకొన్న నాటినుండి వేరు చేసే శక్తి దానికి లేకుండా పోయింది. వీడు పాపి, నేను కాదు అని చెప్పుకొనేవాడికి ఆ బుధవారం గుడిలో చోటు లేదు. మేత్రాణులు మొదలుకొని పసివాళ్ళ వరకు అందరూ ప్రాయశ్చిత్తుల వరుసలో నిలబడవలసిందే.

4. మూడు ఆదివారాల ముంగిలి

ఆరవ శతాబ్దం నాటికి రోములో తపస్సు కాలానికి ముందు మరో మూడు ఆదివారాలు ఏర్పడ్డాయి. లాటిను భాషలో వాటిని సెప్తువాజెసిమా, సెక్సాజెసిమా, క్విన్‌క్వాజెసిమా అని పిలిచేవారు. ఇవి డెబ్బది, అరువది, ఏబది అనే అర్థమిచ్చే పేర్లు. లెక్క సరిగ్గా కుదరదు గాని పండుగ వైపు మెట్లు దిగుతున్న భావం ఉంది. లొంబార్దుల దాడులతో రోము నగరం కష్టాల్లో ఉన్న రోజుల్లో ఈ ఆదివారాల ప్రార్థనలు రూపొందాయని చరిత్రకారులు భావిస్తారు. నగరపు ప్రజలు మొదటి ఆదివారం పునీత లారెన్సు గుడిలో, రెండవ ఆదివారం పునీత పౌలు గుడిలో, మూడవ ఆదివారం పునీత పేతురు గుడిలో కూడేవారు.

ఈ ఆదివారాల్లో ఊదారంగు వస్త్రాలు ధరించేవారు. అల్లెలూయ పాడడం ఆపేవారు. గురువులూ మఠవాసులూ తమ ప్రార్థన గ్రంథంలో ఆదికాండం చదవడం మొదలుపెట్టేవారు. ఇంత చేసినా ఉపవాసం మాత్రం ఇంకా ప్రారంభమయ్యేది కాదు. మనసు సిద్ధపడడానికి ఇచ్చిన గడువు ఇది. మొదటి ఆదివారం ద్రాక్షతోట కూలీల కథ, రెండవ ఆదివారం విత్తువాని కథ, మూడవ ఆదివారం యెరికో దారిలోని గ్రుడ్డివాని కథ చదివేవారు. మూడవ ఆదివారపు లేఖ పౌలు ప్రేమను గూర్చి కొరింతీయులకు వ్రాసిన అధ్యాయం. ఉన్నదంతా పంచిపెట్టినా, శరీరాన్నే అర్పించినా ప్రేమ లేకపోతే వ్యర్థమని ఉపవాసానికి మూడు రోజుల ముందు ప్రజలకు వినిపించేవారు.

1215లో నాల్గవ లాతెరాను మహాసభ, వివేకం వచ్చిన ప్రతి విశ్వాసీ ఏటా ఒకసారైనా తన సొంత గురువు వద్ద పాపసంకీర్తనం చేసి, పాస్క కాలంలో దివ్యసత్ప్రసాదం స్వీకరించాలని శాసించింది. సొంత గురువు అంటే విచారణ గురువే. దీనితో తపస్సు కాలానికీ విచారణకూ బంధం మరింత బిగిసింది. ఇంగ్లండులో బుధవారానికి ముందటి మంగళవారానికి పాపసంకీర్తనాన్ని బట్టే పేరు వచ్చింది. ఆ రోజుల్లోనే ఇంట్లో మిగిలిన మాంసం, నెయ్యి, గ్రుడ్లు ఖర్చు చేసే విందులూ ఆటపాటలూ పెరిగాయి. ఐరోపా దేశాల కార్నివాల్ ఆ విధంగా వచ్చినదే. ఆ సందడి హద్దు మీరిన చోట్ల యేసుసభ గురువులు మొదలైనవారు ఆ రోజుల్లో నలభై గంటల దివ్యసత్ప్రసాద ఆరాధనను ప్రోత్సహించారు.

తూర్పు శ్రీసభలు ఈ ముంగిలిని నేటికీ కాపాడుకొంటున్నాయి. బైజాంటీను సంప్రదాయంలో సుంకరి-పరిసయ్యుని ఆదివారం, తప్పిపోయిన కుమారుని ఆదివారం వరుసగా వస్తాయి. చివరి ఆదివారం సాయంకాల ప్రార్థనలో గురువులూ ప్రజలూ ఒకరిముందు ఒకరు వంగి క్షమాపణ అడుగుకొంటారు. దాన్ని క్షమాపణ ఆదివారమనే పిలుస్తారు. మనకు దగ్గరగా ఉన్న సీరో మలబారు విశ్వాసులు తపస్సు కాలాన్ని సోమవారం నాడే ప్రారంభిస్తారు, అంతకు ముందటి ఆదివారాన్ని పేతుర్త అంటారు. 1999లో ఆదిలాబాదు, 2017లో శంషాబాదు పీఠాలు ఏర్పడిన నాటినుండి ఈ సంప్రదాయం తెలుగు నేలపై కూడ స్థిరపడింది.

5. తెలుగు నేలపై బూడిద

రోము, ఇంగ్లండుల్లో ఇలా పెరిగిన ఆచారం మన నేలకు వచ్చినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. ఇక్కడ నుదుట బూడిద అంటే క్రొత్త విషయం కాదు. అది విభూది. శివభక్తుల గుర్తుగా ప్రతి ఊరివారికీ తెలిసినదే.

18వ శతాబ్దపు తొలి ఏండ్లలో ఫ్రెంచి యేసుసభ గురువులు పుదుచ్చేరినుండి బయలుదేరి తెలుగు సీమలో సువార్త ప్రకటించారు. దీన్నే కర్ణాటక వేదబోధ అంటారు. పుంగనూరు, కృష్ణాపురం వంటి చోట్ల సంఘాలు వెలిశాయి. వారు మధురలో రాబర్టు దె నోబిలి చూపిన దారిలో, ఈ దేశపు సన్యాసుల వేషభాషలతో జీవించారు. చందనం, జుట్టుముడి, జందెం వంటివాటిని సాంఘిక గుర్తులుగా భావించి 1623లో పోపు పదునైదవ గ్రెగోరి నోబిలి పద్ధతిని అనుమతించి ఉన్నాడు. అయినా వివాదం ఆగలేదు. 1703 నవంబరులో పోపు ప్రతినిధిగా పుదుచ్చేరి చేరిన షార్ల్ దె తూర్నోన్, 1704 జూన్ 23న మధుర, మైసూరు, కర్ణాటక వేదబోధలకు వర్తించే శాసనం చేశాడు.

ఆ శాసనంలో ఒక అంశం బూడిదను గూర్చినది. ఆవుపేడను కాల్చి చేసిన విభూదినీ, నుదుట పెట్టుకొనే తెలుపు ఎరుపు గుర్తులనూ క్రైస్తవులు వాడరాదన్నాడు. శ్రీసభ ఆచారం ప్రకారం తపస్సు ఆరంభపు బుధవారం నాడు ఇచ్చే బూడిదను మాత్రం భక్తితో పాటించమన్నాడు. కనుక ఆనాటి తెలుగు క్రైస్తవుని నుదుట బూడిదకు ఏడాదిలో ఒక్కరోజే అనుమతి.

అదే శాసనంలో మరో అంశం ఉంది. జబ్బుపడిన పరియా క్రైస్తవుల ఇండ్లకు గురువులు వెళ్ళి దివ్యసంస్కారాలు అందించాలని తూర్నోన్ ఆజ్ఞాపించాడు. అగ్రవర్ణాలవారు ఏమనుకొంటారోనన్న వెరపుతో కొందరు బోధకులు ఆ గడపలు తొక్కక, రోగులను వేరే చోటికి మోయించుకొని రమ్మనేవారు. ఈ విషయం నలభై ఏండ్లు నలిగింది. 1744 సెప్టెంబరు 12న పోపు పదునాల్గవ బెనెడిక్టు చివరి తీర్పు ఇచ్చినప్పుడు, పరియాల సేవకు ప్రత్యేకంగా కొందరు గురువులను నియమిస్తామన్న యేసుసభవారి ప్రతిపాదనను అంగీకరించాడు. సేవ జరిగింది, అందుకు సంతోషించాలి. కాని సంస్కారం ఒకటే అయినా దాన్ని అందించే చేతులు వేరయ్యాయి. ఈ మాట చెప్పడం ఆ గురువుల త్యాగాన్ని తక్కువ చేయడానికి కాదు. ఎండనక వాననక తిరిగి, ఈ నేలలోనే సమాధి అయిన వారి ఋణం మనం తీర్చలేం. అయినా చరిత్రను ఉన్నదున్నట్లు చెప్పుకోవడం కూడ పశ్చాత్తాపంలో భాగమే.

ఇక్కడ గమనించదగ్గ సంగతి ఇంకొకటుంది. తూర్నోన్ నిషేధించిన వస్తువు పేరే నేడు మన రోజు పేరు. మనం భస్మ బుధవారమని కూడ అంటాం గాని ఎక్కువమంది నోట వచ్చేది విభూది బుధవారమే. ప్రజలు తమకు తెలిసిన మాటను తెచ్చి శ్రీసభ గుర్తుకు తొడిగారు. సంస్కృతంలో విభూతి అంటే ఐశ్వర్యం, మహిమ అని కూడ అర్థం. మట్టినని ఒప్పుకొన్న మనిషికే దేవుని మహిమలో పాలు ఉందని ఆ పేరు మనకు గుర్తుచేస్తున్నదని చెప్పుకోవచ్చు.

6. ఇరవయ్యవ శతాబ్దపు సవరణలు

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన చట్టంలో తపస్సు కాలానికి రెండు ముఖాలున్నాయని బోధించింది. ఒకటి జ్ఞానస్నానాన్ని స్మరించడం లేక దానికి సిద్ధపడడం, రెండవది పశ్చాత్తాపం. ఆ పశ్చాత్తాపం లోపలిదీ వ్యక్తిగతమైనదీ మాత్రమే కాక, బాహ్యమైనదీ సాంఘికమైనదీ కూడ కావాలన్నది. 1966 ఫిబ్రవరి 17న పోపు ఆరవ పౌలు ఉపవాస నియమాలను సడలించాడు. విధిగా ఉపవసించే రోజులు విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం మాత్రమే మిగిలాయి. విడిచిపెట్టిన కఠినత్వానికి బదులు ప్రార్థనా, దానధర్మాలూ పెరగాలని ఆయన ఆశించాడు.

1969 ఫిబ్రవరి 14న ఆయనే క్రొత్త దైవార్చన పంచాంగాన్ని ఆమోదించాడు. అది 1970 జనవరి 1నుండి అమలులోకి వచ్చింది. పైన చెప్పిన మూడు ఆదివారాలు అందులో లేవు, అవి సామాన్య కాలంలో కలిసిపోయాయి. తపస్సు కాలపు ప్రత్యేకత స్పష్టంగా కనబడాలనీ, ఉపవాసం లేని తపస్సు అనే అయోమయం తొలగాలనీ సంస్కర్తల ఉద్దేశం. అందులో న్యాయముంది. ఆ మూడు ఆదివారాలను మళ్ళీ తేవాలని మేము కోరడం లేదు. కాని ముంగిలి పోయినప్పుడు ముంగిట జరిగే పని కూడ పోయిందా అన్నదే మా ప్రశ్న.

క్రొత్త పూజాగ్రంథం ఆ పనిని బుధవారం నాటి పఠనాల్లోనే ఉంచింది. యోవేలు ప్రవక్త బాకా ఊది ప్రజలందరినీ పిలుస్తాడు. వృద్ధులూ, పాలు త్రాగే పసికందులూ, చివరకు పెండ్లి గదిలోని వధూవరులూ రావాలంటాడు. దేవునితో రాజీపడమని పౌలు బ్రతిమాలుతాడు. దానమూ ప్రార్థనా ఉపవాసమూ నలుగురి మెప్పుకోసం చేయవద్దని సువార్తలో ప్రభువు హెచ్చరిస్తాడు. మొదటి పఠనం అందరినీ పిలుస్తున్నది, సువార్త ఒక్కొక్కరినీ తన గదిలోకి పంపుతున్నది. ఈ రెండూ కలిస్తేనే తపస్సు నిండుగా ఉంటుంది. కొన్ని దశాబ్దాలుగా మనం రెండవదాన్ని గట్టిగా పట్టుకొని మొదటిదాన్ని వదిలివేశామేమో ఆలోచించుకోవాలి. ఈ తపస్సులో ఏమి మానుతున్నావు అని ఒకరినొకరు అడుగుతాం గాని, ఎవరితో మాట్లాడడం మొదలుపెడుతున్నావు అని అడగం.

ముగింపు

పై చరిత్రనుండి విచారణలకు పనికివచ్చే కొన్ని సూచనలు వినయంగా మనవి చేస్తున్నాం. తపస్సుకు ముందటి రెండు ఆదివారాల్లో ప్రసంగం ద్వారా ప్రజలను సిద్ధం చేయవచ్చు. మట్టలను ఎవరో ఒకరు పెరట్లో కాల్చే బదులు, మంగళవారం సాయంత్రం ప్రజలు కూడి ఉండగా ప్రార్థనతో కాల్చవచ్చు. ఎడముఖం పెడముఖంగా ఉన్న కుటుంబాలను ఆ వారంలో గురువులూ, ఉపదేశులూ, సంఘ పెద్దలూ కలిసి పలకరించవచ్చు. గుడికి రావడం మానినవారి ఇండ్లకు, మంచం పట్టినవారి ఇండ్లకు ముందుగా వెళ్ళవచ్చు. జ్ఞానస్నానార్థులుంటే వారి పేర్లను తపస్సు మొదటి ఆదివారానికి ముందే సంఘానికి తెలిపి ప్రార్థన కోరవచ్చు.

వీటన్నిటికంటె లోతైన పని ఒకటుంది. 2016లో భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారత విధానాన్ని ప్రకటిస్తూ, శ్రీసభలో కుల వివక్ష ఉన్నదని ఒప్పుకొన్నది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినలుగా నియమితులైనప్పుడు, ఆ పదవిని పొందిన మొదటి దళితుడాయనే అని దేశమంతా చెప్పుకొన్నది. అది మనకు గర్వకారణమే. కాని ఊరి గుడిలో ఎవరు ముందు కూర్చొంటారు, ఎవరి సమాధి ఎక్కడ, ఎవరి ఇంట గురువులు భోంచేస్తారు అనే ప్రశ్నలకు సమాధానం ఇంకా ప్రతి విచారణలో వెదుక్కోవలసే ఉన్నది. బుధవారం నాడు మాలపల్లెవారి మట్టా, మాదిగపల్లెవారి మట్టా, రెడ్ల ఇంటి మట్టా ఒకే కుప్పలో కాలి ఒకే బూడిద అవుతాయి. ఆ బూడిదలో ఎవరి మట్ట ఏదో ఎవరూ చెప్పలేరు. దాన్ని నుదుట పెట్టుకొని ఇంటికి వెళ్ళాక మళ్ళీ తేడాలు పాటిస్తే, మన తపస్సు వాకిలివద్దే ఆగిపోయినట్లు.

గురువుల పాలనలోని సంఘాన్ని మన పెద్దలు విచారణ అన్నారు. విచారించడమంటే క్షేమం కనుక్కోవడం, మంచిచెడ్డలు అడగడం. నైసియా పితరులు నలభై రోజులకు ముందు చేయమన్నది కూడ అదే: బయట నిలిచినవాడు ఎందుకు బయట ఉన్నాడో విచారించమన్నారు. రాబోయే బుధవారానికి ముందు ప్రతి విచారణా తన పేరుకు తగిన ఆ పని కొంతైనా చేస్తే, మన నుదుటి బూడిద నైసియా పితరులు కోరిన నిర్మలమైన కానుకకు గుర్తు కాగలదు. అందుకు ప్రభువు మనందరికీ తోడ్పడునుగాక.